షెడ్ల దగ్గర పిల్లలతో బొమ్మలు వేయించాలంటే

మాది హిందూపురం. బెంగళూరు వచ్చి ముప్ఫై ఏడేళ్లయింది, రామమూర్తినగర్‌లో ఉంటాం. నా వృత్తి బోర్డులు రాయడం. కిరాణా కొట్లు, క్లినిక్కులు, లారీల వెనక పేర్లు, ఎలక్షన్ గోడలు, ఏది చెబితే అది రాశాను. ఫ్లెక్సులు వచ్చి ఆ పనిని మింగేశాయి. 2018లో హైకోర్టు గట్టిగా అడిగేసరికి అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ ఊరంతా ఫ్లెక్సులు పీకించింది. అప్పుడొక రెండు నెలలు నా ఫోన్ ఆగకుండా మోగింది, ఆ తర్వాత మళ్ళీ మామూలే.

చేతిలో బ్రష్ ఉంది, ఆదివారాలు ఖాళీగా ఉన్నాయి. అలా ఆరేళ్ల కిందట బూదిగెరె క్రాస్ దాటాక కడుతున్న అపార్ట్‌మెంట్ల పక్కన, కూలీల రేకుల షెడ్ల దగ్గరికి వెళ్లడం మొదలైంది. అక్కడ ఉండేవాళ్లలో సగం మంది మనవాళ్లే. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు, నారాయణపేట, మక్తల్ నుంచి సుగ్గికని, అంటే ఊళ్లో పని లేక కూలికి వలస వచ్చినవాళ్లు. బేల్దారి పని, సెంట్రింగ్, మట్టి మోయడం. మిగతావాళ్లు రాయచూరు, యాదగిరి వైపు వాళ్లు, కొందరు బెంగాల్, ఒడిశా వాళ్లు. పిల్లలు ఈ భాషలన్నీ కలగలిపి మాట్లాడతారు. నన్ను పెయింటర్ తాత అంటారు.

ఇలాంటిది మేమూ చేస్తాం, ఎలా మొదలుపెట్టాలి అని తెలిసినవాళ్లు అడుగుతున్నారు. ప్రతి ఒక్కరికీ ఫోన్‌లో అరగంట చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

మొదటి ఆదివారం నేను చేసిన తప్పు

నలభై క్రేయాన్ పెట్టెలు, నలభై డ్రాయింగ్ పుస్తకాలు, రెండు డబ్బాల బిస్కెట్లు స్కూటర్ మీద కట్టుకుని వెళ్లాను. పిల్లలు అరవై మంది దాకా వచ్చారు. వరసలో నిలబెట్టాను. పెద్ద మగపిల్లలు తోసుకుని ముందుకొచ్చారు. తమ్ముణ్ణో చెల్లెల్నో చంకనేసుకున్న ఆడపిల్లలు వెనకబడ్డారు, వాళ్ల దాకా వచ్చేసరికి పెట్టెలు అయిపోయాయి. పావుగంటలో పంపకం ముగిసింది. ఒక్కరు కూడా ఒక్క గీత గీయలేదు. నాతో వచ్చిన కుర్రాడు మాత్రం ఫోటోలు బాగా తీశాడు.

ఖాళీ అట్టపెట్టెలు మడిచి స్కూటర్ తీస్తుంటే, డ్రమ్ము దగ్గర బట్టలుతుకుతున్న ఒకావిడ అడిగింది, "మళ్లొస్తారా సార్, ఇంతేనా?" అని. ఎగతాళిగా కాదు. నీళ్ల ట్యాంకర్ రేపు వస్తుందా రాదా అని అడిగినట్టు అడిగింది. వస్తే ఒక లెక్క, రాకపోతే ఇంకో లెక్క, అంతే.

కాబట్టి మీరు కొనాల్సిన సామాన్ల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. కనీసం మూడు నెలలు, వారానికి ఒకరోజు, అదే రోజు, అదే టైముకి రాగలరా? రాలేకపోతే అక్కడికి పోకండి. తిట్టినట్టు అనుకోవద్దు, ఇంకో దారి చెబుతాను. ఇప్పటికే ఎక్కడో ఇలా వెళ్తున్నవాళ్లు మీకు తెలిసే ఉంటారు, వాళ్లకి ఒక రీము కాగితాలు కొనివ్వండి. ఏడాదికి ఒకసారి ఒకే రంగు టీషర్టులు వేసుకుని ముప్ఫై మంది బస్సు దిగి, కేకు కోసి, పిల్లల బుగ్గలు గిల్లి వెళ్లిపోతారు కదా, ఆ రోజు తర్వాత వచ్చే ఆదివారం మా పని రెండింతలు కష్టమవుతుంది. పిల్లలు నా సంచీ వంక చూస్తారు, కాగితం వంక చూడరు.

ఎవరిని అడగాలి, ఎప్పుడు వెళ్లాలి

షెడ్లకు మేస్త్రీ ఒకాయన ఉంటాడు. ముందు ఆయన్ని కలవండి. తర్వాత గేటు దగ్గర సెక్యూరిటీ. ఆ తర్వాత, అన్నిటికంటే ముఖ్యంగా, తల్లులు. మొదటి రెండు వారాలు కాగితం తీయకుండా ఊరికే వెళ్లి కూర్చున్నా తప్పు లేదు. ఏ ఊరు, ఎవరి పిల్లలు, ఎప్పుడొచ్చారు అని మాట్లాడండి. మగవాళ్లైతే ఒంటరిగా వెళ్లకండి. నాతో మా ఆవిడ వస్తుంది, ఆమె రాలేని రోజు పక్కింటి టీచరమ్మ వస్తుంది. పిల్లలతో ఎప్పుడూ నలుగురికి కనబడే చోటే కూర్చోవాలి. షెడ్డు లోపలికి వెళ్లడం, ఒక్క పిల్లనో పిల్లాణ్ణో పక్కకి పిలవడం వద్దు.

కట్టే బిల్డింగ్ కింద అసలే వద్దు. పైనుంచి ఏం పడుతుందో తెలియదు. మాకు షెడ్ల వెనక ఒక కానుగ చెట్టు దొరికింది, కన్నడంలో హొంగె మర అంటారు. ఎండాకాలంలో దాని నీడే మా క్లాసు.

టైము విషయంలో నేను మొదట పొద్దున పది అనుకున్నాను. ఒక్కరూ రాలేదు. ఆదివారం పొద్దున తలస్నానాలు, బట్టలు, వారం సరుకులు, బటవాడా డబ్బుల లెక్కలు ఉంటాయి. ఆడపిల్లలకైతే ఊపిరాడదు. సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర సరిగ్గా కుదిరింది. మీ చోట ఏ టైము కుదురుతుందో తల్లులే చెబుతారు.

చంకలో చంటిపిల్లతో వచ్చే అమ్మాయిని "ముందు దాన్ని ఇంట్లో దింపి రా" అనకండి. దింపడానికి ఇంట్లో ఎవరూ లేకే ఎత్తుకొచ్చింది. చంటివాళ్లకు పక్కన ఒక చాప పరిచి, గోడలకు సున్నం వేసే రెండంగుళాల బ్రష్, చిన్న మగ్గులో నీళ్లు ఇవ్వండి. సిమెంటు నేల మీద నీళ్లతో గీత గీస్తే నల్లగా కనబడుతుంది, చూస్తుండగానే ఆరిపోతుంది, మళ్ళీ గీస్తారు. ఏడాదిన్నర పిల్ల ఇలా ముప్పావుగంట కదలకుండా ఆడుకుంది. ఆ ముప్పావుగంటా దాని అక్క రెండు చేతులతో బొమ్మ వేసుకుంది. మగ్గులో మూడు వేళ్ల లోతు కంటే ఎక్కువ నీళ్లు పోయకండి, ఒక పెద్దవాళ్ల కన్ను అటే ఉండాలి.

సంచీలో ఏముండాలి

నాకు నెలకి వెయ్యి రూపాయల లోపే అవుతుంది. అవెన్యూ రోడ్డు, సుల్తాన్‌పేట వైపు కాగితాల హోల్‌సేల్ కొట్లున్నాయి, అక్కడ మామూలు రోజుల్లో కొంటాను. ఆఫీసుల్లో ఒకవైపు ప్రింటయిన కాగితాలు రీములకు రీములు పారేస్తారు, అవి అడిగి తెచ్చుకోండి. కానీ ఆ రెండో వైపు ఎవరి ఆధార్ కాపీలో, బ్యాంకు స్టేట్‌మెంట్లో ఉంటే తీసేయండి. అలాంటివి నాకు రెండుసార్లు దొరికాయి. నెలకొకసారి మాత్రం మంచి తెల్ల కాగితం ఇవ్వాలి. చిత్తు కాగితమే మా వంతు అని పిల్లలు అనుకోకూడదు.

కింద పెట్టుకోవడానికి అట్టలు కావాలి. టైల్స్ వచ్చిన అట్టపెట్టెలు సైటులో గుట్టలుగా కనబడతాయి, కానీ వాటిని కూలీలు పాతసామాన్లవాడికి అమ్ముకుంటారు, అడగకుండా ముట్టుకోవద్దు. కాగితం ఎగరకుండా క్లిప్పులు. పెన్సిళ్లు ఇంట్లోనే చెక్కి పట్టుకెళ్లండి, అక్కడ బ్లేడు తీయొద్దు. రబ్బరు తీసుకెళ్లకండి. నిజంగానే చెబుతున్నా. రబ్బరు ఉంటే గంటన్నరలో గంట చెరపడమే సరిపోతుంది, చివరికి చిరిగిన కాగితం, ఏడుపు మొహం మిగులుతాయి.

రంగుల్లో ఆయిల్ పాస్టెల్స్ మంచివి, మెత్తగా పడతాయి, చేతిలో బలం లేని పిల్లకి కూడా రంగు నిండుగా వస్తుంది. పెట్టె తెరిచి ప్రతి కడ్డీనీ ముందే సగానికి విరిచేయండి. కొత్త కడ్డీ ఎవరికి, విరిగింది ఎవరికి అనే కొట్లాట అక్కడితో సరి. అన్నీ ఒకే ప్లాస్టిక్ బుట్టలో పోసి మధ్యలో పెట్టాలి. ఎవరి పెట్టె వాళ్లకి ఇచ్చారో, నా మొదటి ఆదివారమే మీకూ ఎదురవుతుంది.

నా పాత ఎనామెల్ డబ్బాలు బోలెడున్నాయి, వాటినెప్పుడూ పిల్లల దగ్గరికి తేలేదు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో తొంభై) మించకూడదనే నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. నా దగ్గరున్నవి అంతకంటే పాతవి. సీసం పిల్లల మెదడుకే మొదట చెరుపు చేస్తుంది. కాబట్టి మిగిలిపోయిన పెయింటు ఇస్తాం అని ఎవరైనా ప్రేమగా అన్నా వద్దనండి. అలాగే మైదా జిగురు ఉడకబెడితే అందులో మైలుతుత్తం వేయొద్దు. పురుగు పట్టకుండా మేం పోస్టర్లకు వేసేవాళ్లం. అది విషం.

అసలైన రంగులు వంటింట్లో, పెరట్లో ఉన్నాయి. పసుపు, బొగ్గు, ముగ్గుపిండి, జాజు. గడపలకు, అరుగులకు పూసే ఎర్రమట్టి జాజు సంగతి ఆదోని పిల్లలకు నేను చెప్పక్కర్లేదు, వాళ్ల నాన్నమ్మలు వారం వారం పూస్తారు. వీటిని మెత్తగా జల్లించి, రాత్రంతా నానబెట్టి వడకట్టిన తుమ్మబంక నీళ్లలో కలిపితే చక్కటి నీటిరంగు తయారవుతుంది. బంక వేయకపోతే ఆరాక పొడి రాలిపోతుంది, ఇది గుర్తుపెట్టుకోండి.

పసుపుతో ఒక తమాషా ఉంది. పసుపు నీళ్లతో బొమ్మ వేయించి ఆరనివ్వండి. దాని మీద తినే సోడా కలిపిన నీళ్లు బ్రష్‌తో రాస్తే ఇటుక రంగుకు తిరుగుతుంది. ఆ ఇటుక రంగు మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు పచ్చ. సున్నంతో ఇంకా ఎర్రగా వస్తుంది గానీ కళ్లలో పడితే కొంప మునుగుతుంది, సోడాతోనే సరిపెట్టుకోండి. మొదటిసారి చూపించిన రోజు బెంగాలీ పిల్లా, రాయచూరు పిల్లాడూ ఒకేసారి అరిచారు. ఆ అరుపుకు ఏ భాషా లేదు. పసుపు రంగు ఎండకి వెలిసిపోతుందని కూడా ముందే చెప్పండి, లేకపోతే వచ్చే వారం మీరే దొంగలవుతారు.

ఏం గీయమనాలి

ఏదైనా గీయండి అంటే దేశంలో ఏ పిల్లాడైనా ఒకటే గీస్తాడు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, కొబ్బరిచెట్టు, గుడిసె. తప్పేం లేదు, ఒకసారి గీసేయనివ్వండి, గొంతు సవరించుకున్నట్టు.

మీకు బొమ్మలు వేయడం వస్తే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నాకు చేయి ఊరుకోక ఒక చిలకను గీసి చూపించాను. అంతే, తమ బొమ్మలన్నీ పక్కన పడేసి "తాతా నాకో చిలక, తాతా నాకో చిలక" అని మీద పడ్డారు. మూడు వారాలు అక్కడ నా చిలకలు తప్ప ఇంకేం లేవు. ఆ తర్వాత పిల్లల ముందు బొమ్మ గీయడం మానేశాను. బొమ్మలు రానివాళ్లే ఈ పనికి మేలేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

"మీ ఇల్లు గీయండి" అనడం మానుకున్నాను. ఏ ఇల్లు అని ఒకమ్మాయి అడిగింది, నా దగ్గర జవాబు లేదు. దాని బదులు చిన్నచిన్న విషయాలు అడగండి. పొద్దున లేవగానే అమ్మ మొదట చేతిలోకి తీసుకునే వస్తువు ఏది? ఊళ్లో మీ గడప నుంచి నీళ్ల కొళాయి దాకా దారిలో ఏమేం ఉంటాయి? సైటులో లిఫ్టు పైకి పోతుంటే కింద నుంచి ఎలా కనిపిస్తుంది? ఇలా అడిగితే కొండలు, కొబ్బరిచెట్టు వాటంతట అవే తప్పుకుంటాయి. కోడి కాలికి కట్టిన గుడ్డపీలిక, ట్యాంకర్ పైపు కారే చోట పెట్టిన బిందె, ఇలాంటివి వస్తాయి.

ఇంకొకటి. రంగుల పెట్టెల్లో లేత గులాబి కడ్డీని పిల్లలు స్కిన్ కలర్ అంటారు. బడిలో అలాగే నేర్పారు. తమ బొమ్మకీ అమ్మ బొమ్మకీ అదే పూసేవాళ్లు. ఒక వారం ఆ కడ్డీలన్నీ బుట్టలోంచి తీసేసి, జాజు, పసుపు, బొగ్గు నీళ్లు మూడు గిన్నెల్లో పెట్టాం. ఎవరి ముంజేతి రంగు వాళ్లే కలుపుకోవాలి. కలిపి, చేతి మీద చుక్క పెట్టి చూడాలి. చుక్క కనబడకుండా పోతే రంగు కుదిరినట్టు. అరగంట పట్టింది. ఒకరి ముంజేతి పక్కన ఒకరు చేయి పెట్టి చూసుకున్నారు. మా ఆవిడ కూడా కలుపుకుంది, ఆమెది కుదరడానికే అందరికంటే ఎక్కువసేపు పట్టింది.

దారం కొట్టిన పిల్లాడు

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఆదోని వైపు పిల్లాడు, పదకొండేళ్లుంటాయి. పిల్లల పేర్లు ఇక్కడ రాయను. నాలుగు వారాలు వచ్చాడు, నాలుగు వారాలూ మాకు వీపు చూపించి టైల్స్ దొంతర మీద కూర్చున్నాడు. పిలిస్తే రాడు, పొమ్మంటే పోడు. నేను పిలవడం మానేశాను. కాగితం మాత్రం ప్రతిసారీ అతని పక్కన రాయి కింద పెట్టి వచ్చేవాణ్ణి.

ఐదో వారం పొడుగాటి కాగితపు చుట్ట పరిచి అందరూ కలిసి ఒకే బొమ్మ వేయాలనుకున్నాం. అంచుకు నిటారైన గీత కావాలి. బోర్డు రాసేటప్పుడు అక్షరాల వరస కోసం మేం దారానికి రంగుపొడి రాసి, రెండు కొసలూ బిగపట్టి, మధ్యలో లాగి వదులుతాం. దాన్నే దారం కొట్టడం అంటాం. జాజు పొడి రాసిన దారం ఒక కొస ఒకమ్మాయికిచ్చి, రెండో కొస నేను పట్టుకుని కొట్టాను. గీత అలుక్కుపోయినట్టు రెండుగా పడింది. వెనకనుంచి గొంతు వినబడింది. "అట్ల కాదు తాతా."

దొంతర దిగి వచ్చాడు. దారం తడిగా ఉంది, అందుకే పొడి ముద్దకట్టింది అన్నాడు. చొక్కాకి తుడిచాడు. మళ్ళీ జాజు రాశాడు, వేళ్లతో ఒక్కసారి దులిపాడు. అమ్మాయికి బొటనవేలి గోరుతో గుర్తు మీద నొక్కిపట్టమని చూపించాడు. తర్వాత దారాన్ని పక్కకి కాకుండా నిట్టనిలువుగా పైకెత్తి, ఒక్కసారి వదిలాడు. టప్ మంది. వెంట్రుక మందం గీత, ఆ కొస నుంచి ఈ కొస దాకా. నేను నలభై ఏళ్లుగా కొడుతున్నాను. నేను పక్కకి లాగానని నాకే తెలియలేదు.

వాళ్ల నాన్న బేల్దారి. గోడ వరస తీయడానికి వాళ్లూ అదే దారం వాడతారు. ఆ రోజు నుంచి గీతల బాధ్యత అతనిదే. వచ్చీరాగానే దారం ఉండ ఎక్కడ అని అడిగేవాడు. బొమ్మ వేయడానికి మాత్రం ఇంకో నెల పట్టింది. మీరు వెళ్లే చోట కూడా ఇలాంటివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల చేతికి ఇప్పటికే ఏం వచ్చో కనిపెట్టండి. పేడ అలకడం కావచ్చు, ముగ్గు కావచ్చు, కమ్మీ వంచడం కావచ్చు.

ఆ పనితనం ఎక్కడ వచ్చిందని తర్వాత మెల్లిగా అడిగాను. ఊళ్లో నాలుగో తరగతితో బడి ఆగిపోయింది, ఇక్కడ నాన్న వెంట సైటుకి పోతున్నాడు. పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదని చట్టం. అయినా తండ్రి దగ్గరికి పోయి చట్టం చదివితే పని జరగదు. టీ తాగుతూ మాట్లాడాం. బడిలో చేర్చుకోరు సార్, టీసీ లేదు, పుట్టినతేదీ కాగితం లేదు అన్నాడాయన. అక్కడ మాత్రం చట్టం పనికొచ్చింది. 2010 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని గానీ, టీసీ రావడం ఆలస్యమైందని గానీ 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని ప్రభుత్వ బడి వెనక్కి పంపకూడదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. మొదట వెళ్లిన బడిలో రేపు రండి, ఎల్లుండి రండి అన్నారు. మూడోసారి ఆ సెక్షన్లు కన్నడంలో ప్రింటు తీసుకుని, తండ్రిని ముందు నిలబెట్టి, నేను వెనక నిలబడ్డాను. చేర్చుకున్నారు. ఒక పూట పని మానుకుని పక్కన నిలబడటం, మనం పంచే సంచులన్నిటి కంటే ఎక్కువ పని చేస్తుంది. ఆరేళ్ల లోపు పిల్లలకైతే దగ్గర్లో అంగన్‌వాడీ ఎక్కడో కనుక్కుని తల్లికి చూపించి రండి.

బొమ్మ చూసి ఏమనాలి

"సూపర్, బాగుంది" అని అందరికీ ఒకే ముద్ర కొట్టుకుంటూ పోకండి. రెండో వారానికే వాళ్లకు తెలిసిపోతుంది. "ఇక్కడ ఏం జరుగుతోంది? ఇతను ఎటు పోతున్నాడు?" అని అడిగి, చెప్పేది వినండి. బొమ్మ చూసి మనసు చదివేసే తెలివి చూపించొద్దు. ఒకమ్మాయి కాగితమంతా నల్లగా పూసేసింది. నాకు టెన్షన్ పట్టుకుంది, ఇంట్లో ఏం కష్టమో అని మా ఆవిడతో రాత్రంతా మాట్లాడాను. మరుసటి వారం అడిగితే, "కరెంటు పోయింది తాతా" అంది.

కానీ ఎప్పుడైనా ఒక పిల్ల తనంతట తాను, కొట్టారనో ఎవరో తాకారనో చెబితే అది వేరు. మొహం మార్చుకోకుండా వినండి, గుచ్చిగుచ్చి అడగకండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. ఇంటికి రాగానే ఆ పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసిపెట్టుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. లైంగిక వేధింపు అని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది, చెప్పాలా వద్దా అన్న ఆలోచన మనకు వదిలిపెట్టలేదు.

ఫోటోల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బొమ్మలను తీయండి, చేతులను తీయండి, మొహాలు వద్దు. షెడ్లు కాకుండా బాలల గృహాల్లో చేయదలచుకుంటే, అక్కడి పిల్లల పేరు, ఫోటో, ఆచూకీ బయటపెట్టడాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం నిషేధించింది.

పేరు

ప్రతి బొమ్మ మీదా పేరు రాయించాలి. ఇది నేను అస్సలు వదలను. వృత్తి అలాంటిది మరి, పేరు లేని బోర్డు నాకు నచ్చదు.

ఈ మాట మా అమ్మాయితో అంటే ఆమె ఒక సంగతి చెప్పింది. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణిని 1942లో నాజీలు టెరెజీన్ అనే నిర్బంధపు ఊరికి పంపారు. అక్కడ ఆవిడ యూదుల పిల్లలతో బొమ్మలు వేయించింది, ప్రతి కాగితం మీదా పిల్లల చేత పేరు పెట్టించింది. 1944 అక్టోబరులో ఆవిణ్ణి ఆష్విట్జ్‌లో చంపేశారు. పిల్లల్లోనూ ఎక్కువమంది మిగల్లేదు. దాచిపెట్టిన రెండు సూట్‌కేసుల్లో దాదాపు 4,500 బొమ్మలు దొరికాయి, ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. పేర్లు రాసి ఉండబట్టి ఏ బొమ్మ ఎవరిదో తెలుస్తోంది.

మా షెడ్ల కష్టాన్ని దానితో పోల్చడం లేదు, పోల్చకూడదు కూడా. పేరు రాయించడం ఆవిడకీ పట్టింపేనని విని సంతోషమేసింది, అంతే.

మా పిల్లలు ఊళ్లో తెలుగు నేర్చి ఉంటారు, ఇక్కడి బడిలో కన్నడం. అందుకని రెండు లిపుల్లో రాయిస్తాను. గ, న, ర, ల లాంటివి దాదాపు ఒకటే. తలకట్టు దగ్గరే తేడా. మనది టిక్కు మార్కులా పైకి లేస్తుంది, వాళ్లది అడ్డంగా పడుకుని కొసన కొంచెం వంగుతుంది. క, త లాంటివి వేరుగా నేర్చుకోవాలి. రెండు భాషల్లోనూ బోర్డులు రాసిన చేయి కాబట్టి ఇక్కడ మాత్రం నేను గీసి చూపిస్తాను. చిలకలు ఇవ్వనివాణ్ణి, అక్షరాలు ఎన్నైనా ఇస్తాను.

మిగతా మర్యాదలు

తినడానికి బిస్కెట్ల బదులు అరటిపండ్లో ఉడికించిన శనగలో తీసుకెళ్లండి. మధ్యలో ఇవ్వండి. చివర్లో ఇస్తే అదొక కూలి అవుతుంది. అక్కడున్న తల్లులకూ ఇవ్వండి. చేతులు కడగడానికి వాళ్ల డ్రమ్ముల నీళ్లు వాడకండి, ఒక క్యాను మీరే తీసుకెళ్లండి. పాత బట్టలు ఇవ్వాలనుంటే పిల్లల చేతికి అందరి ముందూ ఇవ్వొద్దు, తల్లికి విడిగా ఇవ్వండి, చిరిగినవి అసలే వద్దు. ఒక వారం రాలేకపోతే ముందు వారమే చెప్పండి. చెప్పకుండా మానేసిన ఒక్క ఆదివారానికి నాకు పడిన శిక్ష ఏమిటంటే, తర్వాతి వారం ఒక పిల్ల నన్ను చూసి కూడా చూడనట్టు గంటసేపు వాటర్ బ్రష్‌తో నేల తడిపింది.

జనవరిలో కుమారకృపా రోడ్డులో చిత్రకళా పరిషత్ వాళ్ల చిత్రసంతె జరుగుతుంది. ఒక్కరోజు రోడ్డంతా బొమ్మలే, టికెట్ ఉండదు. ఇద్దరు తల్లులు, ఆరుగురు పిల్లలతో ఒకసారి వెళ్లాం. జనం విపరీతం. ముగ్గురు పిల్లలకు ఒక పెద్దమనిషి కంటే తక్కువైతే పోకండి, పొద్దున్నే వెళ్లి పదకొండుకల్లా బయటపడండి.

వెళ్లిపోయేవాళ్ల కోసం

బిల్డింగ్ పూర్తయినా, ఊళ్లో జాతరో పీర్ల పండగో వచ్చినా, మేస్త్రీతో లెక్క తేడా వచ్చినా రాత్రికి రాత్రే షెడ్డు ఖాళీ అవుతుంది. ఆదివారం వెళ్తే తలుపు లేని రేకు ఉంటుంది. అందుకని ఏ పనైనా అదే రోజు పూర్తయ్యేలా చూసుకోండి, వచ్చే వారం రంగు వేద్దాం అనుకోవద్దు. ఒక్కొక్కరికి ఒక అట్ట ఫైలు, పైన పేరు. అది మా ఇంట్లో కాదు, వాళ్ల దగ్గరే ఉండాలి. రేకులు కారతాయి కాబట్టి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టివ్వండి.

ప్రతి ఫైల్లో ఒక పోస్టుకార్డు పెడతాను. యాభై పైసలే. నా అడ్రస్ నేనే రాసిపెడతాను, రెండో వైపు ఖాళీ. ఎక్కడికెళ్లినా ఏదైనా గీసి డబ్బాలో వేయమని చెబుతాను. ఇప్పటికి డెబ్భై దాకా ఇచ్చి ఉంటాను. తొమ్మిది వచ్చాయి.

దారం పిల్లాడు బడికి ఐదు నెలలు పోయాడు. తర్వాత టవరు పని అయిపోయింది, వాళ్లూ వెళ్లిపోయారు. ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం పోస్టుమ్యాన్ కార్డు తెచ్చిచ్చాడు. ఖాళీ వైపు అడ్డంగా ఒకటే గీత, వెంట్రుక మందం, ఎర్రగా. దాని మీద ఒక కోడి నిలబడి ఉంది. కింద పేరు ఉంది, అక్షరాలు తెలుగువి, తలకట్లు మాత్రం కన్నడంవి. పోస్టుమ్యాన్ వేళ్లకీ, ఆయన పట్టుకున్న మిగతా ఉత్తరాలకీ జాజు అంటుకుంది. పొడిదారంతో కొట్టిన గీత మీద బంకనీళ్లు పూయాలని ఆ పిల్లాడికి నేను చెప్పనేలేదు.